కాఫీ లాంటిది, కానీ దడ పుట్టించనిది

ప్రశ్న: మేడమ్‌గారికి నమస్కారం. నా వయసు 33. నిజాంపేటలో ఉంటాం, ఉద్యోగం గచ్చిబౌలిలో. అమెరికా క్లయింటు కాబట్టి సాయంత్రం ఆరున్నర నుంచి రాత్రి మూడున్నర వరకు డ్యూటీ. క్యాబ్‌లో ఇల్లు చేరి పడుకునేసరికి తెల్లవారుజామున అయిదున్నర. కాఫీ, టీ లేకపోతే స్క్రీన్ ముందు కళ్ళు మూతలు పడతాయి. తాగితే గుండె దడ, వేళ్ళ వణుకు, ఊరికే టెన్షన్. పక్కెక్కినా నిద్ర రాదు. కాలేజీ రోజుల్లో ఇంతకంటే ఎక్కువే తాగేదాన్ని, ఏమీ అయ్యేది కాదు. ఈ గొడవంతా ఏడాదిన్నర నుంచే. మా టీంలో ఒకబ్బాయి థియాక్రిన్ అనే క్యాప్సూల్స్ తెప్పించుకుని వాడుతున్నాడు. కెఫిన్ లాంటిదే కానీ సైడ్ ఎఫెక్టులు ఉండవంటాడు. నెట్‌లో వెతికితే థియోబ్రోమిన్, పారాజాంథిన్ అని ఇంకొన్ని పేర్లు కనిపించాయి. మా మామగారు ఆయాసానికి వాడే డెరిఫిలిన్ కూడా ఇదే జాతిదని తెలిసింది. సగం మాత్ర వేసుకుని చూద్దామా అనిపించి, భయమేసి ఆగాను. కెఫిన్‌లా పనిచేస్తూ ఈ బాధలు లేనిది ఏదైనా ఉందా?

నేను రోజూ తాగేవి: మధ్యాహ్నం లేవగానే పన్నెండున్నరకు అత్తయ్య ఇచ్చే ఫిల్టర్ కాఫీ, నాలుగింటికి టీ, ఆఫీసులో ఆరున్నరకూ తొమ్మిదిన్నరకూ మెషీన్ కాఫీ, రాత్రి పన్నెండింటికి ఒక ఎనర్జీ డ్రింక్ డబ్బా, రెండున్నరకు కింద బండి దగ్గర ఛాయ్. వేసుకునే మాత్రలు: కాఫీతోపాటు ఐరన్ మాత్ర, వారానికోసారి విటమిన్ డి, రాత్రి పీసీఓడీకి డాక్టరమ్మ రాసిన హార్మోన్ మాత్ర.

– ఒక పాఠకురాలు, నిజాంపేట

సమాధానం: అమ్మా, ముందు ఆ డెరిఫిలిన్ సంగతి. ఆగి మంచిపని చేశారు. సగం మాట అటుంచండి, పావు ముక్క కూడా వద్దు. ఎందుకో కాసేపట్లో చెప్తాను.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఇన్నేళ్ళు ఫార్మసీ పిల్లలకు పాఠాలు చెప్పినదాన్ని కాబట్టి మొదటిసారి చదివినప్పుడు ఆ రసాయనాల పేర్ల దగ్గరే ఆగిపోయాను. రెండోసారి చదివితే గానీ మీ ఆఖరి లైను కంట్లో పడలేదు. మీ దడకు సంబంధించిన అసలు విషయం అక్కడుందని నా అనుమానం. కానీ మీరడిగింది ముందు చెప్పకపోతే ఈ పెద్దావిడ మాట దాటేసిందనుకుంటారు, అందుకని అదే మొదలుపెడతాను.

సంక్రాంతికి ముందు ఎంజీబీఎస్‌కి ఎప్పుడైనా వెళ్ళారా? బస్సు ప్లాట్‌ఫారం మీదకి వచ్చి ఇంకా పూర్తిగా ఆగనే ఆగదు, కిటికీల్లోంచి కర్చీఫులు, తువ్వాళ్ళు, చంటిపిల్లల టోపీలు సీట్ల మీద పడిపోతాయి. ఎక్కినవాడు కర్చీఫ్ చూసి నిలబడాల్సిందే. కెఫిన్ మన మెదడులో చేసే పని సరిగ్గా ఇదే. మనం మేలుకుని ఉన్నంతసేపూ మెదడు కణాలు శక్తిని ఖర్చు చేస్తూ ఉంటాయి, ఆ ఖర్చులోంచి అడినోసిన్ అనే పదార్థం పోగవుతూ ఉంటుంది. దానికోసమని కణాల మీద సీట్లున్నాయి, వాటినే గ్రాహకాలు అంటాం. అడినోసిన్ వచ్చి కూర్చున్నకొద్దీ మనకు మగత కమ్ముతుంది. కెఫిన్ ఆకారం కొంతవరకు అడినోసిన్‌ని పోలి ఉంటుంది. కాబట్టి ఆ సీటులో పడుతుంది, పడి ఊరుకుంటుంది. అడినోసిన్ నడవలో నిలబడి ఉంటుంది. అలసట పోయిందనుకుంటాం గానీ, అది ఎక్కడికీ పోలేదు. కర్చీఫ్ తీయగానే నిలబడ్డవాళ్ళందరూ ఒక్కసారిగా కూలబడతారు. కాఫీ దిగిపోయాక వచ్చే నీరసం అదే.

ఇక్కడే చిక్కంతా ఉంది. ఈ సీట్లు మెదడులో మాత్రమే ఉంటే మీ ప్రశ్నకు సులువైన జవాబు ఉండేది. గుండెలో ఉన్నాయి, రక్తనాళాల గోడల్లో ఉన్నాయి, కిడ్నీలో ఉన్నాయి. అడినోసిన్ గుండెను కాస్త నెమ్మదిగా నడిపిస్తుంది, దాన్ని కూర్చోనివ్వకపోతే ఆ పగ్గం వదులవుతుంది. దానికితోడు అడ్రినలిన్ పెరుగుతుంది. అంటే మీకు కావలసిన మెలకువా, వద్దనుకుంటున్న దడా ఒకే కర్చీఫ్ పని. ఒకటి ఉంచుకుని రెండోది వదిలించుకుందామంటే రసాయనశాస్త్రం అంత తేలిగ్గా ఒప్పుకోదు.

అయినా కెఫిన్ చుట్టాలను ఒకసారి పలకరిద్దాం.

కెఫిన్‌ని 1819లో రూంగె అనే జర్మన్ రసాయనవేత్త కాఫీ గింజల్లోంచి విడదీశాడు. జాంథిన్ అనే చట్రానికి మూడు చోట్ల, అంటే 1, 3, 7 స్థానాల్లో, మిథైల్ గుంపులనే చిన్న ముక్కలు తగిలిస్తే అది కెఫిన్. మూడు కొమ్మలున్న మొక్క అనుకోండి. ఒకటో కొమ్మ తుంచేస్తే థియోబ్రోమిన్. ఏడో చోటిది తుంచేస్తే థియోఫిలిన్. మూడో చోటిది తుంచేస్తే పారాజాంథిన్. అంతే తేడా. బోర్డు మీద గీసి చూపిస్తే పిల్లలు నవ్వేవాళ్ళు, ఒక్క చోట సుద్దతో చెరిపేస్తే చాకొలెట్ అయిపోతుందా మేడమ్ అని.

థియోఫిలిన్‌తో మొదలుపెడతాను, ఎందుకంటే మీ ఇంట్లో ఉన్నది అదే. డెరిఫిలిన్‌లో ఉండేవి ఎటోఫిలిన్, థియోఫిలిన్. థియోఫిలిన్‌ని టీ ఆకులోంచి 1888లో కోసెల్ అనే జర్మన్ శాస్త్రవేత్త విడదీశాడు. టీలో ఉండేది అతి కొద్దిగా, కాబట్టి టీ తాగితే దాని ప్రభావం కనిపించదు. మాత్రగా ఇస్తే ఊపిరితిత్తుల్లో గొట్టాలను వదులు చేస్తుంది, ఆయాసానికి అందుకే. కానీ డాక్టర్లు దీన్ని చూసి జాగ్రత్తపడే కారణం ఒకటుంది. రక్తంలో మిల్లీలీటరుకు 10 నుంచి 20 మైక్రోగ్రాములు ఉంటే మందు అని పుస్తకాల్లో చెప్పేవాళ్ళం. 20 దాటితే వాంతులు, గుండె లయ తప్పడం మొదలవుతుంది, ఇంకా పైకి వెళ్తే ఫిట్స్. మేలుకీ కీడుకీ మధ్య గోడ అంత పల్చన. ఇప్పటికే దడతో ఉన్న మనిషి, ఆరు కప్పుల కెఫిన్ మీద దీన్ని వేసుకోవడం అంటే వణికే చేతికి కత్తిపీట ఇచ్చినట్టే.

ఒక మాట చెప్తే మీరు నమ్మరేమో. ఈ ఇద్దరిలో నెమ్మదస్తుడు కెఫినే. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలు కొందరు నిద్రలో ఊపిరి తీయడం ఆపేస్తుంటారు. ఒకప్పుడు వాళ్ళకు థియోఫిలిన్ జాతి మందులు ఇచ్చేవారు. తర్వాత కెఫిన్ సిట్రేట్‌కి మారారు, దానికి ప్రమాదపు గీత దూరంగా ఉంటుంది కాబట్టి. కిలోన్నర బరువున్న శిశువుకు కొలిచి ఇచ్చే మందు అది. పిల్లల ఆసుపత్రి గేటు బయట రాత్రంతా ఛాయ్ తాగుతూ నిలబడే తండ్రుల్లో ఎంతమందికి తెలుసో, లోపల అద్దాల పెట్టెలో పాపకు ఎక్కిస్తున్నదీ, తన గ్లాసులో ఉన్నదీ ఒకే పదార్థమని.

తర్వాత మీ కొలీగ్ థియాక్రిన్. ఇది చైనాలోని యున్నాన్ ప్రాంతంలో పెరిగే కూచా అనే చేదు టీ చెట్టులో ఉంటుంది. మొక్క కెఫిన్‌ నుంచే దీన్ని తయారుచేసుకుంటుంది, నాలుగు మిథైల్ గుంపులుంటాయి. అలవాటు పడదనీ, బీపీ పెంచదనీ ప్రచారం. చిన్న చిన్న అధ్యయనాలున్నాయి, అవీ ఎక్కువగా ఆరోగ్యంగా ఉన్న కుర్రాళ్ళ మీద కొద్ది వారాలు చేసినవి. నాకు అడ్డు తగిలేది వేరే లెక్క. ఒంట్లో కెఫిన్ సగానికి దిగడానికి మామూలు మనిషికి అయిదు గంటలు పడితే, థియాక్రిన్‌కి పదహారు గంటలకు పైనే పడుతుంది. రాత్రి పదింటికి మింగిన క్యాప్సూల్ మర్నాడు మధ్యాహ్నం రెండింటికి కూడా సగం మిగిలే ఉంటుంది. మీ బాధల్లో పెద్దది నిద్ర లేకపోవడం. ఆ అబ్బాయికి పడిందంటే పడనివ్వండి, మీకు మాత్రం కాదు.

పారాజాంథిన్ పేరు చూసి నాకు నవ్వొచ్చింది. అమెరికాలో దాన్ని డబ్బాల్లో పెట్టి అమ్ముతున్నారు. మీరు కాఫీ తాగినప్పుడల్లా మీ లివర్ ఆ కెఫిన్‌లో దాదాపు ఎనభై శాతాన్ని ఊరికే పారాజాంథిన్‌గా మార్చి ఇస్తూనే ఉంది. ఆ కెఫిన్‌లోనే ఇంకో పన్నెండు శాతం దాకా థియోబ్రోమిన్, నాలుగు శాతం దాకా థియోఫిలిన్ అవుతాయి. అంటే మీరు రాసిన పేర్లలో మూడు ఇప్పటికే మీ ఒంట్లో తిరుగుతున్నాయి. కెఫిన్‌ కంటే కాస్త త్వరగా దిగిపోతుందని, ఆదుర్దా తక్కువని పారాజాంథిన్ గురించి చెప్తారు. నిజం కావచ్చు. కానీ అదీ ఆ సీట్లలోనే పడుతుంది, మనుషుల మీద ఏళ్ళ తరబడి చూసిన అనుభవం లేదు. కాఫీకి కొన్ని వందల ఏళ్ళ అనుభవం ఉంది.

గ్రీన్ టీ, గ్వారానా, యెర్బా మాటే అని రంగురంగుల ప్యాకెట్లు కనిపిస్తాయి. వాటన్నిట్లో ఉండేది కెఫినే. పేరు మార్చుకుని వచ్చిన పాత చుట్టం.

ఇక మిగిలింది థియోబ్రోమిన్. మీ జాబితాలో నేను నిజంగా ఇష్టపడేది ఇదొక్కటే. 1841లో కోకో గింజల్లో కనిపెట్టారు. పేరులో బ్రోమిన్ ఉంది గానీ పదార్థంలో లేదు. కోకో చెట్టుకు లిన్నేయస్ అనే వృక్షశాస్త్రవేత్త పెట్టిన పేరు థియోబ్రోమా, గ్రీకులో దేవతల ఆహారం అని అర్థం, అక్కడినుంచి వచ్చింది. మన గోదావరి జిల్లాల కొబ్బరి తోటల్లో అంతరపంటగా వేసేది ఈ చెట్టునే. దేశంలో కోకో పంటకు ఆంధ్రప్రదేశే ముందుంది. థియోబ్రోమిన్ ఆ సీట్లలో గట్టిగా కూర్చోలేదు. మెదడులోకీ అంతగా వెళ్ళదు. అందువల్ల నిద్ర చెదరగొట్టే గుణం బాగా తక్కువ. కానీ ఇచ్చే మెలకువా తక్కువే, అది ముందే ఒప్పుకోవాలి. ఒక పెద్ద చెంచా కోకో పొడిలో, అంటే అయిదు గ్రాముల్లో, సుమారు 100 మిల్లీగ్రాముల థియోబ్రోమిన్ ఉంటే కెఫిన్ పది పన్నెండు మిల్లీగ్రాములే ఉంటుంది. మాత్రల రూపంలో అయిదారు వందల మిల్లీగ్రాములు మింగితే మాత్రం దానికీ తలనొప్పి, దడ ఉన్నాయి. కప్పులో తాగినంతవరకు భయం లేదు. అసిడిటీ ఉన్నవాళ్ళకు ఛాతీలో మంట పెంచవచ్చు, ఆ ఒక్కటి చూసుకోండి. ఇంట్లో కుక్క ఉంటే దానికి అందకుండా పెట్టండి, కుక్కలకు థియోబ్రోమిన్ విషం.

టీలోనే ఉండే ఎల్-థియానిన్ గురించి ఎవరో ఒకరు మీకు చెప్పే ఉంటారు. జపాన్‌లో 1949లో గుర్తించిన అమైనో ఆమ్లం అది. కెఫిన్ జాతిది కాదు, కెఫిన్‌కి తోడుగా వచ్చి దాని దురుసుతనాన్ని కాస్త తగ్గిస్తుంది. ప్రయోగాల్లో 100, 200 మిల్లీగ్రాములు ఇస్తారు. మన ఛాయ్ కప్పులో ఉండేది అందులో చిన్న వంతు. టీ తాగితే కాఫీ అంత దడ రాలేదంటే ఆ ఘనత చాలావరకు కెఫిన్ తక్కువ ఉండటానిదే.

ఇప్పుడు మీ ఆఖరి లైను.

కాలేజీలో ఇంతకంటే ఎక్కువ తాగినా ఏమీ కాలేదు, ఏడాదిన్నర నుంచే గొడవ అన్నారు. పీసీఓడీ మాత్రలు ఎప్పటినుంచి వేసుకుంటున్నారో రాయలేదు. ఒకసారి పాత ప్రిస్క్రిప్షన్ తీసి తారీకు చూడండి. ఆ తారీకు ఈ దడ మొదలైన రోజులకు దగ్గరగా ఉంటే నాకు ఆశ్చర్యం ఉండదు. పీసీఓడీకి ఎక్కువగా రాసే హార్మోన్ మాత్రల్లో ఈస్ట్రోజెన్ ఉంటుంది, గర్భనిరోధక మాత్రల్లో ఉండేదే. కెఫిన్‌ని విరిచే లివర్ ఎంజైమును అది నెమ్మదింపజేస్తుంది. అయిదు గంటల్లో సగానికి దిగాల్సిన కెఫిన్‌కి సుమారు పది గంటలు పడుతుంది. (సిగరెట్టు తాగేవాళ్ళకు దీనికి తలకిందులు, వాళ్ళకు త్వరగా దిగిపోతుంది. సిగరెట్టు మానేసినవాళ్ళు పాత లెక్కలోనే కాఫీ తాగి దడ వచ్చిందని కంగారుపడటం నేను చూశాను.) కొన్ని యాంటీబయాటిక్స్, ముఖ్యంగా సిప్రోఫ్లాక్సాసిన్, కూడా ఇదే పని చేస్తాయి.

కాగితం మీద లెక్క వేశాను. నేను ఉండేది తార్నాకలో. పొద్దున్నే నడకకు వెళ్తే జాతీయ పోషకాహార సంస్థ గేటు ముందునుంచే. ఆ సంస్థ తయారుచేయగా ఐసీఎంఆర్ 2024లో ఇచ్చిన ఆహార సూచనల్లో, 150 మిల్లీలీటర్ల డికాక్షన్ కాఫీలో 80 నుంచి 120 మిల్లీగ్రాములు, ఇన్‌స్టంట్ కాఫీలో 50 నుంచి 65, టీలో 30 నుంచి 65 మిల్లీగ్రాముల కెఫిన్ ఉంటుందని ఉంది. రోజుకు 300 దాటొద్దని కూడా. మీ అత్తయ్యగారి కాఫీకి 80 వేశాను, మన పొడుల్లో చికోరీ కలుస్తుంది కదా. చికోరీలో కెఫిన్ ఉండదు. మెషీన్ కాఫీకి 60 చొప్పున, టీలకు 40 చొప్పున. ఎనర్జీ డ్రింకులకు మన దేశంలో లీటరుకు 300 మిల్లీగ్రాముల హద్దు ఉంది, 250 మిల్లీలీటర్ల డబ్బాకు 75. మొత్తం 355.

ఇప్పుడు తెల్లవారుజామున అయిదున్నరకు, మీరు పక్కెక్కే వేళకు, ఇందులో ఎంత మిగిలి ఉంటుంది? అయిదు గంటల లెక్కన అయితే 110 దాకా. పది గంటల లెక్కన అయితే 190 దాకా. అంటే రెండు గ్లాసుల చిక్కటి ఫిల్టర్ కాఫీ తాగేసి, వెంటనే దుప్పటి కప్పుకున్నట్టు. ఇది పైపై లెక్కే, ఎవరి లివర్ వాళ్ళది. కానీ మీరు తాగేది పెరగకుండా మీకు బాధ ఎందుకు పెరిగిందో ఈ లెక్కకు అందుతోంది. పదార్థం మార్చాల్సిన అవసరం నాకు కనిపించడం లేదు. మీ ఒళ్ళు దాన్ని బయటికి పంపే వేగం మారింది, మోతాదూ వేళా దానికి తగ్గట్టు మారాలి.

హార్మోన్ మాత్ర మీ అంతట మీరు ఆపకండి. ఈసారి వెళ్ళినప్పుడు డాక్టరమ్మను అడగండి, ఇందులో ఈస్ట్రోజెన్ ఉందా, కాఫీ తాగితే దడ వస్తోంది అని. అడగనిదే వాళ్ళు కాఫీ ఊసెత్తరు.

తగ్గించే పద్ధతి చెప్తాను. మా కాలేజీ ల్యాబ్‌లో అసిస్టెంటుగా పనిచేసిన ఒకాయన యాకుత్‌పురా నుంచి వచ్చేవాడు. రోజుకు పది ఛాయ్‌లు. షబే బరాత్ దాటిందంటే చాలు, రెండు రోజులకో కప్పు చొప్పున తగ్గించుకుంటూ వెళ్ళేవాడు. రంజాన్ మొదటి రోజాకి రెండు కప్పుల దగ్గరికి వచ్చేవాడు, అవీ సహరీలో, ఇఫ్తార్ తర్వాత. ఆయన ఫార్మకాలజీ చదవలేదు. తగ్గించకుండా ఉపవాసం మొదలుపెట్టిన ఏడాది మధ్యాహ్నానికల్లా తల పగిలిపోయిందట, అదే ఆయన పాఠం. నేను పుస్తకంలో చెప్పేది కూడా అంతే: కెఫిన్ ఒక్కసారిగా మానేస్తే పన్నెండు నుంచి ఇరవై నాలుగు గంటల్లో తలనొప్పి మొదలవుతుంది, రెండో రోజు ముదురుతుంది, కొందరికి తొమ్మిది రోజులదాకా సాగుతుంది. ఆ తలనొప్పికి వేసుకునే మాత్రల్లో కొన్నింటిలో కెఫినే ఉంటుంది, పట్టీ వెనక చదివి వేసుకోండి.

కాబట్టి మీరూ రెండు వారాలు పెట్టుకోండి. మొదట పోవాల్సింది పన్నెండింటి డబ్బా. చక్కెర కూడా పోతుంది, అదొక లాభం, పీసీఓడీ ఉన్నవాళ్ళకు మరీను. మొదటి నాలుగు రోజులు దాని బదులు మెషీన్ కాఫీ సగం కప్పు. తర్వాత అదీ వద్దు. రెండున్నరకు కింద బండి దగ్గరికి వెళ్ళడం మానమని నేను చెప్పను. ఆ వేళప్పుడు నలుగురూ కలిసి మెట్లు దిగి, చల్లగాలిలో నిలబడి మాట్లాడుకోవడమే సగం నిద్ర తోలేస్తుంది. కానీ మొదటి వారం వన్ బై టూ చెప్పండి. డోసు సగం చేయడానికి హైదరాబాద్ కనిపెట్టినంత మర్యాదైన పద్ధతి ఏ ఫార్మసీ పుస్తకంలోనూ లేదు. రెండో వారం నుంచి ఉస్మానియా బిస్కెట్ మాత్రం తిని, ఛాయ్ మిగతావాళ్ళకు వదిలేయండి. తొమ్మిదిన్నర మెషీన్ కాఫీ చోట టీ పెట్టుకోండి, అదే ఆ రోజుకి ఆఖరుది.

ఇరానీ హోటళ్ళ ఛాయ్‌తో మాత్రం జాగ్రత్త. కప్పు చిన్నదని మోసపోతారు. వాళ్ళు టీ పొడిని నీళ్ళలో వేసి, మూత బిగించి, సన్నటి సెగ మీద చాలాసేపు దమ్ చేస్తారు. పాలు పక్కన వేరే గిన్నెలో మరిగి మరిగి మీగడ కట్టి ఉంటాయి. కప్పులో ముందు ఆ నల్లటి డికాక్షన్, దాని మీద పాలు. పాల రంగుకి, తీపికి మెత్తగా అనిపిస్తుంది గానీ లోపల ఉన్నది గట్టి డికాక్షన్.

ఇక పన్నెండింటికి చేతిలో ఏదో ఒకటి ఉండాలి కదా. అక్కడ కోకో. ఇంటి నుంచి చిన్న ఫ్లాస్కులో పట్టుకెళ్ళండి. పెద్ద చెంచా కోకో పొడి, చక్కెర కలపని శుద్ధమైన పొడి. పిల్లలకు కలిపే మాల్ట్ డ్రింకులు వద్దు, వాటిల్లో కోకో కంటే చక్కెరే ఎక్కువ. పొడిని నేరుగా వేడి పాలలో వేస్తే పైన ఉండలు కట్టి తేలుతుంది, ఎంత గిలక్కొట్టినా కలవదు. ముందు గ్లాసు అడుగున పొడి వేసి, రెండు చెంచాల గోరువెచ్చని నీళ్ళతో చెంచా వెనకభాగంతో నూరినట్టు తిప్పండి. మొదట ఇసకలా ఉంటుంది, తర్వాత బిగుస్తుంది, ఇంకో అర చెంచా నీళ్ళు పడగానే ఒక్కసారిగా నిగనిగలాడుతూ జారుతుంది. అప్పుడు పాలు పోయండి. చిటికెడు ఉప్పు, ఇష్టముంటే ఏలకుల పొడి. ఉప్పు వేస్తే చేదు తగ్గుతుంది, చక్కెర తక్కువ పడుతుంది. మొదటిసారి తాగి ఇదేం కాఫీ అంటారు. కాఫీ కాదు మరి.

ఇలా చేస్తే రోజు మొత్తం 230 దగ్గరికి వస్తుంది. అయిదున్నరకు ఒంట్లో మిగిలేది, పది గంటల లెక్కనే చూసినా, వంద లోపు. కెఫిన్ తగ్గాక వచ్చే నిద్రమత్తుకు ఇంకో రెండు పనులు. సాయంత్రం ఆఫీసుకు బయలుదేరే ముందు ఇరవై నిమిషాలు కునుకు తీయండి. షిఫ్టు మొదట్లో మంచి వెలుతురులో కూర్చోండి, తెల్లవారుజామున క్యాబ్‌లో మాత్రం నల్ల కళ్ళద్దాలు పెట్టుకోండి, నవ్వేవాళ్ళు నవ్వనీ.

ఒక మాట మరిచిపోయేదాన్ని. ఐరన్ మాత్ర కాఫీతో వేసుకుంటున్నానని రాశారు. కాఫీ, టీల్లో ఉండే టానిన్ల జాతి పదార్థాలు ఐరన్‌ని పట్టేసి ఒంటికి అందనివ్వవు. భోజనానికి ఒక గంట ముందూ, ఒక గంట తర్వాతా టీ, కాఫీ వద్దని పోషకాహార సంస్థ కూడా చెప్పింది ఇందుకే. రక్తం తక్కువైతే ఆయాసం, దడ, నీరసం అన్నీ వస్తాయి. ఆ నీరసానికి ఇంకో కాఫీ, ఆ కాఫీతో మళ్ళీ ఐరన్ వృథా. మాత్రను నాలుగింటి టీకి దూరంగా, రెండింటి ప్రాంతంలో, నిమ్మకాయ నీళ్ళతో వేసుకోండి. హిమోగ్లోబిన్, థైరాయిడ్, బీ12 ఒకసారి పరీక్ష చేయించండి, దడ ఉంది కాబట్టి ఒక ఈసీజీ. రెండు వారాలు కెఫిన్ తగ్గించినా దడ అలాగే ఉన్నా, కూర్చున్నప్పుడు వచ్చినా, దాంతోపాటు కళ్ళు తిరిగినా ఈ ఉత్తరాలు పక్కనపెట్టి గుండె డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

మామగారి డెరిఫిలిన్ పట్టీని ఈ రోజే ఆయన మందుల డబ్బాలో పెట్టేయండి. అలాగే ఆయన రోజుకు ఎన్ని టీలు తాగుతారో అడగండి. కెఫిన్‌నీ థియోఫిలిన్‌నీ విరిచేది ఒకే ఎంజైము. ఆయనకు నిద్ర పట్టడం లేదనో, చేతులు వణుకుతున్నాయనో ఎప్పుడైనా అన్నట్టు గుర్తుంటే, ఆ మాట ఆయన డాక్టరుకు చెప్పాల్సిందే.